అరువు తెచ్చిన ఏడుపు

దిబ్బలపేటలో ఎవరైనా పోతే బంధువులకు ఫోన్లు వెళ్తాయి, మరిడమ్మ ఇంటికి మాత్రం మనిషి పరుగెత్తుకుంటూ వస్తాడు. ఆవిడ బేరానికి బయల్దేరకముందే పట్టుకోవాలి మరి. బోట్లు ఒడ్డెక్కగానే గంప నింపుకుని, భోగాపురం దగ్గర ఆటో ఎక్కి, నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు దగ్గర దిగిందంటే మధ్యాహ్నం దాటేవరకు ఊరికి చిక్కదు.

ఆవిడ వచ్చి కూర్చుంటేనే ఏడుపుకు ఒక దారి దొరుకుతుంది. అంతదాకా ఆడవాళ్లు తలో మూలా ముక్కు చీదుకుంటూ ఉంటారు. మరిడమ్మ పోయిన మనిషి కాళ్ల దగ్గర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఊరికే చూస్తుంది. తర్వాత రాగం ఎత్తుతుంది. ఆ రాగంలో పోయినవాడి తిండి వస్తుంది, తిట్టు వస్తుంది, నడక వస్తుంది, సగం అల్లి వదిలేసిన వల వస్తుంది. తాగి పోయినవాణ్ణి తాగి పోయావనే ఏడుస్తుంది. పెళ్లాన్ని కొట్టినవాణ్ణి కొట్టావనే ఏడుస్తుంది. లేని గొప్ప ఒక్కటి కలపదు. "మరిడమ్మ ఏడ్సిందంటే ఊరు తీర్పు సెప్పినట్టే" అని ఎండుచేపల జగ్గమ్మ అంటూ ఉంటుంది. జగ్గమ్మ నోట ఒకరి గురించి మంచి రావడమే గొప్ప.

ఈ పనికీ ఒక కట్టుబాటు ఉంది. ప్రాణంతో ఉన్నవాళ్లను తలచుకుని రాగం ఎత్తకూడదు. ఎత్తితే ఆ ఏడుపు వాళ్లను వెతుక్కుంటూ వెళ్తుందని భయం. మరిడమ్మ కొడుకు నాగబాబు గుజరాత్‌లో వేరావల్ బోటు మీద పనికి వెళ్లి, నీళ్ల మీద కనపడని గీత దాటి, అవతలి దేశం జైల్లో పద్నాలుగు నెలలు ఉన్నాడు. ఆ పద్నాలుగు నెలలూ మరిడమ్మ కళ్లల్లో నీళ్లు కళ్లల్లోనే కుక్కుకుంది. కోడలు అనిత వెక్కితే కూడా, "నోరు ముయ్యి. నువ్వు రాగం తీస్తే ఆడు రాడు" అని గదమాయించింది. నాగబాబు తిరిగి వచ్చాడు. తను నోరు కట్టుకున్నందుకే వచ్చాడని మరిడమ్మకు ఇప్పటికీ నమ్మకం.

పక్కింటి కూర్మమ్మ ఆవిడకు వదిన వరస. రెండిళ్లకూ గోడ ఒకటే. ఒకరింట్లో తాలింపు వేస్తే రెండో ఇంట్లో తుమ్ముతారు. కూర్మమ్మకు ఒక కూతురు, ఆమదాలవలసలో ఇచ్చారు. ఒక కొడుకు, భాస్కర్. సముద్రం ఒడ్డున పుట్టాడన్నమాటే గానీ నీళ్లు వాడికి పడలేదు. తండ్రి బోటు ఎక్కిస్తే మొదటి అల దాటకముందే కక్కుకునేవాడు. పదహారో ఏట బోటు బోర్లాపడి, చచ్చి బతికి ఒడ్డుకు వచ్చి, ఇక ఆ నీళ్ల మొహం చూడనన్నాడు. చుట్టుపక్కల పేటలన్నీ నవ్వాయి. చేపలవాళ్ల పిల్లాడు సంద్రానికి భయపడడం ఎక్కడైనా ఉందా అన్నారు. వాడు ఆ నవ్వుల్ని దులుపుకుని విజయనగరం పోయి, మైదానంలో పరుగెత్తి పరుగెత్తి, సైన్యంలో చేరాడు. పదకొండేళ్లు చేశాడు. ఎనిమిదేళ్ల కిందట, రథసప్తమి వెళ్లిన మూడో రోజున, ఎక్కడో పేరు కూడా నోరు తిరగని కొండ మీద మంచు విరిగిపడి పోయాడు.

తొమ్మిది రోజులు తవ్వి తీశాక పెట్టె మిలటరీ లారీలో వచ్చింది, జెండా కప్పుకుని. వెంట వచ్చిన తోటి జవాను హిందీలో చెబుతుంటే, అప్పటికే వేరావల్‌లో ఆ భాష పట్టిన నాగబాబు ఊరికి తెలుగులో చెప్పాడు. భాస్కర్ ఆ వేళ కాపలాలో ఉన్నాడు. పైన మంచు పగిలిన చప్పుడు అందరికంటే ముందు విన్నది వాడే. కిందికి దిగిపోవడానికి దారి ఉంది. దిగకుండా గుడారంలో పడుకున్నవాళ్లను లేపడానికి వెనక్కి వెళ్లాడు. ముగ్గురు బయటపడ్డారు. వాడు పడలేదు. ఆ చెబుతున్న జవాను ఆ ముగ్గురిలో ఒకడు.

కూర్మమ్మ రెండు రోజులు రాయిలా కూర్చుంది. మూడో రోజు, మగవాళ్లంతా చిన్నదినం పనుల మీద బయటికి వెళ్లాక, మరిడమ్మ ఒళ్లో తల పెట్టి ఒక్కసారిగా పగిలిపోయింది. ఆ రోజు రాగం ఎత్తింది తల్లే. మరిడమ్మ వీపు నిమురుతూ విన్నది, అంతే.

"సలికి ఓర్సలేవు కొడకా, పుష్యమాసం సలికే నా కొంగులో దూరీవోడివి కొడకా. సంద్రానికి భయపడ్డావు కొడకా, అలకి భయపడి తుపాకీ పట్టినావు కొడకా. సావు ఎదురొస్తే సోటొగ్గనేదు కొడకా."

అంత గొప్ప ఏడుపు మరిడమ్మ తన జన్మలో వినలేదు. ఒక్కసారి విన్నది, చావు ఎదురొచ్చినా చోటు వదల్లేదన్న చివరి ముక్క దాకా, మాట పొల్లు పోకుండా లోపల ఉండిపోయింది.

రెండేళ్ల కిందట ఊళ్లోకి సినిమావాళ్లు దిగారు. యుద్ధం సినిమా. యుద్ధమంతా ఇంకెక్కడో తీసుకుని, చచ్చిపోయిన జవాను సొంతూరు మాత్రం మన ఒడ్డున తీస్తారట. ముందుగా వచ్చిన అమ్మాయి పేరు విశాలి, డైరెక్టరు దగ్గర సహాయకురాలు. విజయనగరం పిల్లే. వాళ్ల తాతగారు వయొలిన్ నేర్పేవారట. చేతిలో కాగితాల కట్ట, నెత్తిన టోపీ, నోట్లో మాత్రం అచ్చు పుస్తకంలో తెలుగు.

ఆ పిల్ల మనుషులు ఒక్క పూటలో ఊరి రూపు మార్చేశారు. శ్లాబుల మీద తాటాకులు పరిచారు. టైల్సు అరుగుల మీద మట్టి మెత్తారు. డిష్‌లు విప్పి గోనెసంచుల్లో దాచారు.

"ఇదేటి పాపా, ఈ ఇల్లు నేపడానికి మాకు ఇరవయ్యేళ్లు పట్టినాది. నువ్వు పొద్దుటికల్లా పాక సేసీసినావు" అంది జగ్గమ్మ.

"సినిమాలో ఇలా ఉంటేనే బావుంటుంది పిన్నీ."

"ఎవులికి బావుంటాది?"

విశాలి నవ్వుతూ తాటాకులు పరిచేవాళ్లను కేకేసింది. తల్లి వేషానికి మరిడమ్మను ఎంచారు. మరిడమ్మ ఆ రోజు తలంటుకుని, పౌడరు రాసుకుని, ఇస్త్రీ చీరలో వెళ్లింది. వాళ్లు పౌడరు తుడిచి, మొహానికీ చేతులకూ నల్లరంగు పూశారు. "నాను నల్లగానే ఉంటాను కదమ్మా, మల్లీ రంగెందుకు" అంటే, "ఇంకొంచెం ఉండాలమ్మా" అన్నారు. ఉండాలి కాబోలు అనుకుంది. సినిమా మర్యాదలు మనకేం తెలుసు.

పెట్టె ముందు కూర్చోబెట్టి ఏడవమన్నారు. "ఎలాగ పోనాడు పాపా గుంటడు?" అని అడిగింది. ఊరూపేరూ తెలియని శవం దగ్గర ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు.

"యుద్ధంలో పోయాడమ్మా. అంతే అనుకోండి."

అంతే అనుకుంటే ఏడుపు ఎక్కడ వస్తుంది? మూడుసార్లు ఏడ్చింది. మూడుసార్లూ పిల్లిని తరిమినట్టు వచ్చింది. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. విశాలి పక్కన చేరి, "మీ అబ్బాయిని తలచుకోండమ్మా" అంది.

"అలగ తలుసుకోకూడదు పాపా."

"ఇంకెవరినైనా."

మరిడమ్మ వెతుక్కుంది. మొగుడు పోయి చాలా కాలమైంది, కానీ మొగుడి ఏడుపు కొడుక్కి సరిపోదు. ఒకరి చెప్పులు ఇంకొకరు తొడుక్కున్నట్టు ఉంటుంది. కూర్మమ్మ ఇంటికి ఆ నెల తాళం, కూతురి పురిటికి ఆమదాలవలస వెళ్లింది. తాటాకు కప్పిన ఆ ఇంటి వైపు చూసి మరిడమ్మ అనుకున్నదేమిటంటే, పోయినవాడికి ఇంక కీడేమిటి జరుగుతుంది? బతికున్నవాళ్లకే కదా ఏడుపు తగిలేది. భాస్కర్ పోయి ఆరేళ్లయింది. వాణ్ణి తలచుకుంటే ఎవరికీ దోషం లేదు.

అలా అనుకుని రాగం ఎత్తింది. చలి, కొంగు, సంద్రం, అల, తుపాకీ, సావు, అన్నీ వచ్చాయి. లైట్లు పట్టుకున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. డైరెక్టరు వచ్చి చేతులు జోడించాడు. ఎవరో పరుగున కుర్చీ తెచ్చి వేశారు. అంతమంది నిలబడి ఉంటే తనొక్కతే కుర్చీలో కూర్చుని టీ తాగింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి మర్యాద ఆవిడకు జరగలేదు.

టీ సగంలో ఉండగానే విశాలి వచ్చింది. "అద్భుతంగా ఉందమ్మా. ఇంకొక్కసారి తీస్తాం. ఈసారి 'తుపాకీ పట్టినావు' దగ్గర ఆపేయండి. తర్వాత మాట వద్దు."

"తరవాత మాటే కదా పాపా అసలుది?"

"అక్కడ ఆగితేనే బావుంటుందని డైరెక్టరు గారన్నారు."

ఆ మాట తీసేస్తే ఏడుపు సగమే అవుతుందని మరిడమ్మకు తెలుసు. తలుచుకుంటే, ఆపనని చెప్పి లేచిపోవచ్చు. కింద కుర్చీ ఉంది, చేతిలో ఇంకా వేడిగా టీ గ్లాసు ఉంది. సరేనంది. ఆపమన్న చోట ఆపింది.

కూర్మమ్మ పురుడు పోసి తిరిగి వచ్చాక అడిగింది. "ఏటే మరిడీ, సినిమాలో ఏడ్సావంట. ఎవుల గురించే?"

"ఎవులో సినిమా గుంటడు వదినా" అంది మరిడమ్మ.

ఈ ఎండాకాలం సినిమా వచ్చింది. ఊరంతా రెండు వ్యాన్లు కట్టించుకుని విజయనగరం వెళ్లారు. కూర్మమ్మ రాలేదు. "తుపాకుల సప్పుడు నా వల్ల కాదు. నువ్వు సూసొచ్చి సెప్పు" అంది.

మొదట తెర మీద అక్షరాలు పడ్డాయి. నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా తీసిన చిత్రం అని అనిత అత్తకు చదివి చెప్పింది. కాసేపటికి జవాన్లలో సింహాద్రి అనేవాడు వచ్చాడు. శ్రీకాకుళం వైపు వాడని చెప్పగానే మనవాళ్లు ఈలలు వేశారు. వాడు పెట్టెలో ఎండుచేపలు దాచుకుంటాడు, ఆఫీసరు హీరో ముక్కు మూసుకుంటాడు. వాడేమన్నా హాలు నవ్వుతుంది. ప్రతి మాట చివరా "ఏటి సేస్తాం సార్" అంటాడు. తక్కినవాళ్లందరూ విశాలిలా మాట్లాడతారు, వాడొక్కడే మనలా. మనలా మాట్లాడినందుకే నవ్వుతున్నారని అప్పుడు మనకు తోచనే తోచలేదు. మరిడమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

అవతలి దేశం సైనికులు వచ్చారు. ఒక్కొక్కడికీ గుడ్ల చుట్టూ కాటుక, చేతిలో మాంసం ముక్క. ఊరికే ఇకిలించి నవ్వుతారు.

"జైల్లో నాకు జొరమొస్తే తన వొంతు మాత్ర తెచ్చిచ్చినోడు ఆ దేశపోడే" అన్నాడు నాగబాబు. "అలాంటోడు ఈల్లకి ఒక్కడూ దొరకనేదేటి?"

ముందు వరసలోవాడు వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు.

తర్వాత మంచులో యుద్ధం. అందరూ నిలబడి కాలుస్తున్నారు. సింహాద్రి తుపాకీ పారేసి పరుగు అందుకున్నాడు. వీపులో గుండు దిగింది. వాడు వదిలిన సందులోంచి శత్రువులు దూరి పదకొండుమందిని చంపారు. వెంటనే తెర మీద తాటాకు పాకలు, ఎద్దుబండి మీద వస్తున్న పెట్టె, గోడంత పెద్దగా మరిడమ్మ నల్లటి మొహం.

"సంద్రానికి భయపడ్డావు కొడకా, అలకి భయపడి తుపాకీ పట్టినావు కొడకా."

అక్కడితో ఆగింది. హీరో వచ్చి తెర మీది తల్లి భుజం తట్టి, "భయపడడం నేరం కాదమ్మా. నేను వాణ్ణి క్షమించాను" అన్నాడు. హాలంతా చప్పట్లు.

మన రెండు వ్యాన్ల జనం మాత్రం చప్పట్లు కొట్టలేదు. బోటు బోర్లాపడిన సంగతి, సంద్రానికి జడిసి పటాలంలో చేరిన సంగతి ఆ చుట్టుపక్కల ఒక్కడిదే. చిన్నపిల్లకు కూడా తెలుసు.

వ్యాన్లు తిరుగుదారి పట్టాయి. ముందు జగ్గమ్మే అంది. "అది బాస్కరు ఏడుపు కాదేటే, మరిడీ?"

మరిడమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆడి పెట్టె ఎద్దుబండి మీద వచ్చినాదేటి?" అన్నాడు నాగబాబు. "లారీలో వచ్చినాది. నాను మోసినాను. ఆ కొసని పట్టుకున్నది నానే." తల్లివైపు చూడకుండానే అన్నాడు. "ఎద్దుబండి పెట్టినోల్లు ఎవులో. ఆ మాటలు ఇచ్చింది నువ్వు."

ఇంటి దగ్గర దిగేసరికి కూర్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఎలాగున్నాదే సినిమా?"

"బాగానే ఉన్నాది వదినా. సప్పుడెక్కువ" అంది మరిడమ్మ. అని, లోపలికి వెళ్లి, మొహం కడుక్కుంది. ఒకసారి కడుక్కుని మళ్లీ కడుక్కుంది.

నాలుగు రోజులకు నెల్లిమర్లలో మిల్లు గేటు దగ్గర ఒకాయన కానాగంత చేపలు ఏరుతూ ఏరుతూ ఆవిడ మొహం పట్టేశాడు. "ఆ సినిమాలో ముసలమ్మవి నువ్వే కదూ. మీ ఊళ్లో నిజంగానే ఒకడు అలా పారిపోయి చచ్చాడటగా."

"నేదు బాబూ."

"మరి నిజంగా జరిగిందని ముందే వేశారు కదా" అన్నాడు, ఆవిడకు తెలియని సంగతి చెబుతున్నట్టు.

పారిపోలేదు బాబూ, సంగతి ఇదీ అని చెప్పడానికి నోరు తెరిచింది. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. మిల్లు గంట కొట్టేస్తుంది. చేపలు ఎండిపోతాయి. ఆయన ఏరిన చేపలు సంచిలో వేసి ఇచ్చేసింది. ఆ పూట గంప ఖాళీ అయింది. ఆటోలో వస్తూ ఒళ్లో పెట్టుకున్న ఖాళీ గంప ఎప్పుడూ లేనంత బరువుగా తోచింది.

రోడ్డు మలుపులో ఆటోల కోసం నిలబడే చోట ఒక షెల్టరు ఉంది. దాని గోడ మీద దిబ్బలపేట కుర్రాళ్లు నీలంరంగుతో 'వీర జవాను భాస్కర్' అని రాయించారు. కూర్మమ్మకు అక్షరం రాదు. అయినా ఆటో వచ్చేలోపల ఆ మాటల చివరికి వెళ్లి, కొడుకు పేరు ఉన్నంత మేరా వేలితో తడుముతూ నిలబడుతుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆవిడకు తెలుసు. సినిమా వచ్చిన పదో రోజున ఆ పేరు కింద ఎవరో బొగ్గుతో రాశారు, 'ఏటి సేస్తాం సార్' అని. నాగబాబు తుడిచాడు. మర్నాటికి మళ్లీ ఉంది. మలుపు అవతల కొత్తపేట కుర్రాళ్ల పనని అందరికీ తెలుసు.

ఆ రెండోసారి రాసిన రోజున వదినా మరదళ్లిద్దరూ గంపలతో అక్కడే నిలబడ్డారు.

"ఇదేటే మరిడీ, కొత్తగా? నువ్వు మూడో తరగతి సదివినావు కదా, సూసి సెప్పు" అంది కూర్మమ్మ.

మరిడమ్మ చూసింది. చదవడం రాకపోతే ఎంత బాగుండేదో అనుకుంది. "ఓట్లోల్లేదో రాసీసినారు వదినా."

"నా కొడుకు పేరు కిందేటి ఈల్ల గోల" అని కూర్మమ్మ వంగి, కొంగు ఉమ్మితో తడిపి, ఆ బొగ్గు అక్షరాలను ఒక్కొక్కటే రుద్ది తుడిచింది. తెల్లకోక కొంగు నల్లగా అయింది. "సబ్బేస్తే పోతాదిలే" అంది. మరిడమ్మ ఆ కొంగువైపు చూడలేక రోడ్డువైపు తిరిగింది. ఆటో వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నెల్లిమర్ల దాకా కూర్మమ్మ మనవరాలి ముచ్చట్లు చెబుతూనే ఉంది, మరిడమ్మ ఊఁ కొడుతూనే ఉంది.

ఆ సాయంత్రం అనిత చేత విశాలికి ఫోన్ చేయించింది.

"అది కల్పిత పాత్రమ్మా. ఎవరినీ ఉద్దేశించి పెట్టలేదు. ఆ మాటలు నిజంగా పోయిన ఒక మనిషివని మీరు నాకు చెప్పలేదు కదా" అంది విశాలి.

"నువ్వడిగినావేటి?"

మరిడమ్మ అక్కడితో వదల్లేదు.

"మా జవాన్లకి పెట్టె లారీలో వస్తాది పాపా. జెండా కప్పి. ఆ మాట నీకు తెల్దేటి?"

"తెలుసమ్మా. చెప్పాను. లారీ అయితే అందం ఉండదన్నారు." విశాలి గొంతు తగ్గింది. "సింహాద్రి మాటలు రాసింది నేనేనమ్మా. మా ఇంట్లో చిన్నప్పుడు పనివాళ్ల దగ్గర విని నేను 'ఏటి' అన్నానంటే తాతగారు నెత్తిన మొట్టేవారు. అందరూ నవ్వేవాళ్లు. ఆ మాటలకు నవ్వు వస్తుందని నాకు అప్పటినుంచీ తెలుసు."

ఇక మరిడమ్మకు తిట్టబుద్ధి కాలేదు. తప్పు మొయ్యడానికి ఇంకో భుజం దొరుకుతుందని ఫోన్ చేసింది. దొరికిన భుజం అప్పటికే వంగి ఉంది. సినిమా ఊరూరా ఆడుతూనే ఉంది, దాన్ని ఆపడం ఆ పిల్ల చేతిలోనూ లేదు.

మర్నాడు బేరానికి వెళ్లలేదు. కూర్మమ్మ ఇసకలో పట్టా మీద నెత్తళ్లు ఎండబెట్టి తిరగేస్తుంటే వెళ్లి ఎదురుగా చతికిలబడింది. గోడ మీది బొగ్గు రాతతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లింది. ఓట్లవాళ్లు కాదంది. సినిమా గుంటడు కాదంది. ఎద్దుబండి, పరుగు, వీపులో గుండు, చప్పట్లు, అన్నీ చెప్పింది. కూర్మమ్మ చెయ్యి ఆగలేదు. నెత్తళ్లు ఒక వైపు నుంచి తిరగేసుకుంటూ వస్తోంది.

"అది నాను ఏడ్సిందేటి? నాకు గుర్తు నేదే" అంది తలెత్తకుండా.

"నువ్వే వదినా. మూడో రోజున."

"ఏటన్నాను? సెప్పు. రాగం తియ్యకు. ఉత్తినే సెప్పు."

మరిడమ్మ ఉత్తినే చెప్పింది. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా. రాగం లేకపోతే ఆ మాటలు ఎంత చిన్నవో, ఎంత కొద్దివో.

"సోటొగ్గనేదు అన్న ముక్క ఆల్లకి ఇచ్చినావా?"

"మొదటిసారి ఇచ్చినాను. వద్దన్నారు. రెండోసారి మానీసినాను."

"ఎందుకు మానీసినావు?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. డైరెక్టరు అడిగాడు, తెలియదు, కథ చెప్పలేదు. అవన్నీ నాలుక దాకా వచ్చాయి. కాని ముప్పయ్యేళ్లు శవాల దగ్గర అబద్ధం ఆడని నోరు అది.

"కుర్సీ ఏసినారు వదినా" అంది మరిడమ్మ.

కూర్మమ్మ చెయ్యి అప్పుడు ఆగింది. "కుర్సీ ఏసినారు" అని తనలో అనుకున్నట్టు మళ్లీ అంది. తిడుతుందని, ఇసక ఎత్తి మొహాన కొడుతుందని మరిడమ్మ చూసింది. కొడితే బాగుండునని కూడా చూసింది.

"ఇదంతా ఎవులెవులికి సెప్పినావు?"

"నీకే."

"నాకెందుకే? నా కొడుకు సంగతి నాకు తెల్దేటి? తెల్నోల్లకి సెప్పు." నెత్తళ్ల పట్టా చివరలు దులుపుకుంటూ లేచింది. "అందాక నా గుమ్మం తొక్కకు."

ఆ సాయంత్రమే మరిడమ్మ కొత్తపేట వెళ్లింది. అక్కడ నూకయ్య టీ కొట్టు బల్లల మీద కుర్రాళ్లు పొద్దువాలే దాకా కూర్చుంటారు. పెళ్లీడు వచ్చినవాళ్లు, కొందరు విమానాశ్రయం పనుల్లోకి వెళ్లొచ్చేవాళ్లు. దూరం నుంచే పట్టేశారు.

"ఓరే, సినిమా అమ్మమ్మొస్తన్నాది రా."

"అమ్మమ్మా, ఒక్కపాలి ఏడువు. రీలు తీసుకుంటాం."

ఫోన్లు లేచాయి. మరిడమ్మ వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడింది. పదిమంది ముందు నోరు విప్పడం ఆవిడకు కొత్త కాదు గానీ, ఎప్పుడూ ఎదురుగా శవం ఉండేది, తన గురించి చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

"ముందు నా సంగతి సెప్తాను" అంది. "ఆ ఏడుపు నాది కాదు. మా వదినది. ఆవిణ్ణి అడక్కుండా పట్టుకుపోయి సినిమావోల్లకి ఇచ్చీసినాను. అదీ సగమే ఇచ్చినాను. రెండో సగం ఇప్పుడు సెప్తాను, ఇనండి."

"అలగ కాదు అమ్మమ్మా. ఏడుస్తా సెప్పు. లేకపోతే ఎవులూ సూడరు."

"ఏడవను."

రాగం లేకుండా చెప్పింది. సంద్రానికి భయపడ్డాడు, నిజమే, అంది. దాచడానికి లేదు. కాపలాలో ఉన్నాడు. చప్పుడు ముందు విన్నాడు. దిగడానికి దారి ఉన్నాది. వెనక్కెళ్లాడు. ముగ్గురు బతికారు. తొమ్మిది రోజులు తవ్వితే దొరికాడు. లారీలో వచ్చాడు. మధ్యలో రెండుసార్లు గొంతు దానంతటదే పైకి లేవబోయింది, ముప్పయ్యేళ్ల అలవాటు మరి. రెండుసార్లూ మింగేసింది. చెబుతుండగానే ఒక ఫోను దిగింది. తర్వాత ఇంకోటి. ఏడుపు లేని ముసలమ్మను ఎంతసేపు తీస్తారు.

నూకయ్య టీ వడపోత ఆపి వింటున్నాడు. "మరి సినిమా అబద్దమేటి?" అని అడిగాడు.

"సినిమా సంగతి తీసినోల్లనడుగు. నాను సేసింది అబద్దం."

గోడ మీద బొగ్గుతో రాసింది తనేనని ఎవరూ ఒప్పుకోలేదు. బల్ల చివర కూర్చున్న ఒకడు, ఇందాక రీలు అడిగినవాడే, ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు. వాడి మాటలో వెటకారం లేదు.

"ఆ సినిమా లచ్చలమంది సూసారు అమ్మమ్మా. ఎంతమందికని సెప్తావు?"

మరిడమ్మకు ఆ లెక్క తోచలేదు. బల్లల మీద ఉన్నవాళ్లను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. నూకయ్యతో కలిపి ఏడుగురు.

"ఇయ్యాలికి ఏడుగురికి" అంది.

తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టారు. కూర్మమ్మ తలుపు తీసే ఉంది. లోపల కూతురితో ఫోన్‌లో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. మరిడమ్మ ఆ గుమ్మం పక్కనుంచి తల వంచుకుని నడిచి, తన ఇంట్లోకి వెళ్లింది.